దప్పిమెట్ట రాయబారి

దప్పిమెట్ట మీద గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. పాత ఆసుపత్రి గోడలు, గడపమీద కూర్చున్న ఒక రాతిమనిషి, అంతే. ఆయన సోమలింగం పంతులు. దేవుడు కాదు, జమీందారు కొలువులో రాయబారి. ఫొటోలు దిగే తొందరలో ఆయన కథ అడిగేవారే లేరు కనుక ఇక్కడ రాస్తున్నాం.

పూర్వం ఇక్కడ సముద్రాలు దాటి వచ్చిన క్రైస్తవ సన్యాసినులు జ్వరపీడితులకు వైద్యం చేసేవారు. వారి పెద్ద మార్సెలమ్మ. అడవి పన్నులు భరించలేక మన్యం తిరగబడిన రోజులవి. తెల్లవారెవరినీ బతకనివ్వనని పితూరీ నాయకుడు పాండుదొర ఒట్టు పెట్టుకున్నాడు. తమవారిని ఎలాగైనా కాపాడమని ఆ సన్యాసినుల దేశపు ప్రతినిధి రేవుపట్నం నుంచి జమీందారుకు కబురంపాడు. జమీందారు సోమలింగాన్ని దొర వద్దకు పంపాడు.

మన్యంలో ఒక కట్టుబాటు ఉండేది. రాయబారి వెళ్లిన ఇంట నీళ్లు తాగితే రాయబారం ముగిసినట్టు. తాగనంతవరకు ఆ ఇంటిమీద ఎవరూ చెయ్యెత్తరాదు.

"వెళ్లి తీసుకుపో పంతులూ. నువ్వు నీళ్లు తాగేదాకా ఆగుతాం" అన్నాడు దొర.

ఎర్రటి ఎండలో మెట్టెక్కి వచ్చిన ఆయనకు మార్సెలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ముందు బయలుదేరండమ్మా!"

"లోపల కదల్లేనివాళ్లున్నారు బాబూ. వాళ్లనొదిలి నేను రాను."

ఎంత మొండి మనిషో ఆ తల్లి! పంతులుకు ఒళ్లు మండిపోయింది. మీకో దండమని వెనుదిరిగాడు కూడా. అంతలో లోపల ఎవరో మూలిగారు. ఆయన గడపమీద చతికిలబడ్డాడు. రోగులతో సహా అందరినీ ఏరు దాటించడానికి పడవలు పంపమని జమీందారుకు కబురు చేసి, అవి వచ్చేదాకా నీళ్లు ముట్టనన్నాడు.

పడవలు ఆలస్యమయ్యాయి. తడిగుడ్డ పెదవులకు అద్దబోయినా ఆయన మొహం తిప్పుకునేవాడు. విసిగిపోయిన పాండుదొర ఒక మిట్టమధ్యాహ్నం మనుషులతో మెట్టెక్కి వచ్చాడు.

"నీళ్లు తాగావా పంతులూ?"

"ఇంకా లేదు."

పెదవులు కదలలేదు. దొర వంగి చూశాడు. తెరిచి ఉన్న కళ్లమీద చీమలు పాకుతున్నాయి. అమ్మబాబోయ్ అంటూ అందరూ పడుతూ లేస్తూ మెట్ట దిగిపోయారు.

ప్రాణం ముందురోజే పోయిందనీ, ఎందరు పట్టినా శరీరం గడప వదల్లేదనీ మార్సెలమ్మ తరువాత చెప్పింది. పడవలు వచ్చాయి. ఆఖరి రోగి ఏరు దాటేసరికి గడపమీద మిగిలింది రాయే.

నేటికీ పరదేశాన అల్లర్లని వినగానే, అక్కడ తమవారున్నవారు ఇక్కడికి వచ్చి దప్పితో కూర్చుంటారు. తమవారు క్షేమంగా ఇల్లు చేరారని చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్న కుటుంబాలను మేమెరుగుదుం. నీళ్ల సీసాలు కిందే వదలమని ఎన్ని బోర్డులు పెట్టినా మనవాళ్లు వింటారా! మీరు లేచి వెళ్లబోతుంటే, వెనకనుంచి "గుక్కెడు నీళ్లు పొయ్యి తల్లీ" అని ఎవరో అడుగుతారు. ఆ గొంతు వింటే మాకూ కడుపు తరుక్కుపోతుంది. అయినా పొయ్యకండి. ఎక్కడో ఎవరో ఇంకా ఇల్లు చేరలేదు.