ముల్లు తీసిన చాకు

వన్నూరప్పకు మడత చాకులంటే సరదా. ఆ మాట అతనే చెప్పేవాడు, అడగనివాళ్ళకు కూడా చెప్పేవాడు.

ఊరికి ఎగువన, గుట్టమీది దర్గాను ఆనుకుని ఒక తకియా ఉండేది. తకియా అంటే పెద్ద కట్టడమేమీ కాదు, ఫకీర్లు తలదాచుకునే ఒక గది, ముందు నీడకు వేసిన ఒక చప్పరం. అందులో జమాల్ బాబయ్య, ఆయన దగ్గర శిష్యుడిగా చేరిన వన్నూరప్ప, ఇద్దరే ఉండేవాళ్ళు. బాబయ్య ఆస్తి ఒక గొంగడి, ఒక జపమాల, నాలుగు గిన్నెలు. శిష్యుడి ఆస్తి రేకుపెట్టె నిండా చాకులు.

కొమ్ము పిడివి ఉన్నాయి, ఇత్తడి పిడివి ఉన్నాయి. ఉరుసు అంగళ్ళలో కొన్నవి కొన్ని, సాన పట్టేవాడితో బేరమాడి తీసుకున్నవి కొన్ని. మేకల కాపరులు కొమ్మలు నరకడానికి వాడే మొరటు చాకు ఒకటి, బళ్ళారి వైపు లారీ నడిపేవాడు ఇచ్చిపోయిన పొడుగాటి చాకు ఒకటి. తమలపాకు తోటవాళ్ళ కోసం కమ్మరి చేసిన కొమ్ము పిడి చాకయితే సన్నగా, అందంగా ఉండేది. దాని వాదరకు వెంట్రుక తగిలితే తెగిపోయేది. శుక్రవారం జనం వెళ్ళిపోయాక వాటన్నిటినీ గుడ్డమీద పరిచి, తుడిచి, మడత దగ్గర కొబ్బరినూనె చుక్క వేసి మళ్ళీ చుట్టి పెట్టేవాడు. ఒక్కదానితోనూ ఏదీ కోసేవాడు కాదు. ఇన్ని చాకులున్న ఇంట్లో ఉల్లిగడ్డ తరగాలంటే కత్తిపీటే దిక్కు.

సరదా అన్నది అబద్ధం. అతనికి ఉన్నది భయం.

మీసాలు సరిగా రాని వయసులో వన్నూరప్ప ఒక హత్య చూశాడు. నీళ్ళు పారే వంక దగ్గర గడ్డి కోస్తుంటే అతని కళ్ళ ముందే బీరలింగప్ప అనే గొర్రెల కాపరి, ఎర్రిస్వామి అనే రైతును చంపాడు. వన్నూరప్ప చూసింది చూసినట్టు కోర్టులో చెప్పాడు. ఆ మాటతోనే బీరలింగప్పకు శిక్ష పడింది. పోలీసులు తీసుకుపోతుంటే అతను వెనక్కి తిరిగి వన్నూరప్పను చూశాడు. తిట్టలేదు, బెదిరించలేదు. ఊరికే చూశాడు. తిట్టి ఉంటే ఆ తిట్టుతో సరిపోయేదేమో. ఏమీ అనలేదు కాబట్టి ఏమనుకున్నాడో ఊహించుకోవడం వన్నూరప్ప వంతయింది, ఊహించుకోవడంలో అతను తక్కువవాడు కాదు.

బీరలింగప్పను వదిలేస్తారట అని ఎవరైనా అన్నప్పుడల్లా ఒక చాకు కొనేవాడు. ఆ మాట ఉత్తదేనని తేలిన తరువాత కూడా చాకు మిగిలేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"బాబయ్యా, భయం ఎట్ల పోతాది?"

బాబయ్య జపమాల పక్కన పెట్టాడు. "ఆ పెట్టె ఇట్ల తీసకరా," అన్నాడు.

పెట్టె తెచ్చాడు. బాబయ్య చేతికందిన ఇత్తడి పిడి చాకు తీసి, గోరుతో తెరవబోయాడు. రాలేదు. మడతలో నూనె జిగురుకట్టి బిగుసుకుపోయింది. అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టాడు.

"ఏం చెప్పలేదు బాబయ్యా," అన్నాడు వన్నూరప్ప.

"నాకు తెలిసుంటే కదరా చెప్పేది," అని ఆయన మళ్ళీ జపమాల అందుకున్నాడు.

ఈసారి వచ్చిన మాట ఉత్తది కాలేదు. బీరలింగప్ప నిజంగానే విడుదలయ్యాడు. ఊళ్ళోకి వచ్చాడు, బస్టాండు దగ్గర కూర్చుంటున్నాడు, కనపడినవాళ్ళందరినీ వన్నూరప్ప ఎక్కడున్నాడని అడుగుతున్నాడు. దర్గాలో ఫాతిహా చదివించడానికి వచ్చిన ఆడవాళ్ళు ఈ మాట చెప్పి, పాపం అని కూడా అని, కొబ్బరిచిప్పలు తీసుకుని దిగిపోయారు.

ఆ పూట నుంచి వన్నూరప్పకు ముద్ద మింగుడు పడలేదు. ఒక చాకు మొలలో దోపుకున్నాడు, ఒకటి తలకింద పెట్టుకున్నాడు, ఒకటి నీళ్ళ కుండల వెనక దాచాడు. ఆకు కదిలినా లేచి కూర్చునేవాడు. నీళ్ళకు మెట్లదారిన దిగడం మానేసి గుట్ట వెనక కంపచెట్ల మధ్య నుంచి పోయి రావడం మొదలుపెట్టాడు. ఆ పోవడంలోనే మడమలో కంపముల్లు దిగి లోపలే విరిగింది.

ఎందుకు అటు పోయావని బాబయ్య అడుగుతాడేమోనని ముల్లు సంగతి దాచాడు. మడమ వాచింది, చీము పట్టింది, జ్వరం తగిలింది. కుంటడం చూసి బాబయ్య అడగనే అడిగాడు. కాలు పట్టుకుని చూశాడు కానీ ఆయన కళ్ళకు ముల్లు ఆనలేదు.

"ఆస్పత్రికి పోదాం పద."

"వద్దు బాబయ్యా. అదే తగ్గిపోతాది."

ఆస్పత్రికి పోవాలంటే బస్సెక్కాలి. బస్సెక్కాలంటే బస్టాండుకు పోవాలి. కాలు పోయినా సరే, అక్కడికి మాత్రం పోలేడు.

మరుసటి రోజు మధ్యాహ్నం బాబయ్య చప్పరం కింద కూర్చుని చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాడు. వన్నూరప్ప లోపల చాపమీద పడుకున్నాడు. మెట్లమీద చేతికర్ర చప్పుడయింది. ముసలివాళ్ళెవరో అనుకుని కిటికీలోంచి చూశాడు.

భుజాన గొంగడి, నెరిసిన జుట్టు. మొహం మారిపోయింది, నడక మారలేదు. ఎడమ భుజం కొంచెం వంచి నడిచే ఆ నడకను ఇన్నేళ్ళూ కలలో చూస్తూనే ఉన్నాడు.

వన్నూరప్ప గోడకు అతుక్కుపోయాడు. మొలలోని చాకు తీశాడు. చెమట పట్టిన వేళ్ళకు అది తెరుచుకోలేదు. గదికి వేరే వాకిలి లేదు. ఉన్నా ఈ కాలితో ఎంత దూరం పోగలడు.

బయట మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"సలాం సామీ."

"రాప్పా. కూసో. నీళ్ళు తాగు. ఏ ఊరు?"

"ఈ కింద ఊరే, గొర్లు మేపేటోన్ని. నా పేరు బీరలింగప్ప. ఇన్నాళ్ళూ జైల్లో ఉంటి. మొన్న ఇడిసినారు."

"ఎవరికోసమొచ్చినావు?"

"ఈడ వన్నూరప్ప అని ఒకడు ఉండాడంట. కోర్టులో నా మీద చెప్పినోడు. వానితో పని ఉండాది."

లేడని చెప్పండి బాబయ్యా అని వన్నూరప్ప మనసులో మొక్కుకున్నాడు. ఊరు వదిలిపోయాడని చెప్పండి, చచ్చిపోయాడని చెప్పండి.

"ఉండాడు," అన్నాడు బాబయ్య. "లోపలే ఉండాడు. మడమలో ముల్లిరిగి రెండు దినాలుగా లేయలేకపోతాండాడు. నువ్వు గొర్లు మేపినోడివంటివే, ముల్లు తీసేది వచ్చునా?"

"అదే పని కదా సామీ పుట్టినకాడి నుంచి."

"అట్లయితే నీ పని తరువాత చూసుకుందువు. ముందు ఆ ముల్లు తీసి పుణ్యం కట్టుకో. నా కండ్లకు కనపడదు." తరువాత గొంతు పెంచాడు. "వన్నూరా, చాకొకటి తీసకరా."

నా గురువే నన్ను అప్పజెప్పాడు అనుకున్నాడు వన్నూరప్ప. అంతకుముందు ఎప్పుడూ లేనంత కోపం వచ్చింది, బీరలింగప్పమీద కాదు, బాబయ్యమీద.

గోడ పట్టుకుని కుంటుతూ బయటికి వచ్చాడు. తలెత్తలేదు. తెరుచుకోని ఆ మొల చాకునే బాబయ్య ముందు నేలమీద పెట్టాడు. పదునైనవి చేతి నుంచి చేతికి ఇవ్వరు కదా, పోట్లాటలొస్తాయని. బాబయ్య దాన్ని తెరవబోయి వదిలేశాడు.

"ఇది కాదురా. తెగేది తీసకరా. మొద్దు చాకుతో కెలికితే కాలు పాడయిపోతాది."

మళ్ళీ లోపలికి పోయాడు. తలకింది నుంచి తమలపాకు చాకు తీశాడు. ఇది మాత్రం గోరు తగలగానే తెరుచుకుంది. బీరలింగప్ప వీపు వాకిలి వైపే ఉంది. మెడ వంచుకుని చెంబులో నీళ్ళు తాగుతున్నాడు, గుటక వేసినప్పుడల్లా మెడనరం కదులుతోంది. ముందు నేనే వేసేస్తే, అనిపించింది వన్నూరప్పకు. ఒక్క వేటుతో ఈ భయం తీరిపోతుంది అనిపించింది.

అట్లా ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. అటు తిరిగి నీళ్ళు తాగుతున్న మనిషి వైపు పదునైన దాన్ని పట్టుకుని చూడడం ఎట్లా ఉంటుందో అతనికి బాగా తెలుసు. వంక దగ్గర చూసింది అదే. చాకు మడిచి, తెచ్చి, నేలమీద పెట్టాడు.

బాబయ్య దాన్ని వేలితో బీరలింగప్ప వైపు జరిపాడు. జరిపి, చేట ఒళ్ళోకి లాక్కుని, తల వంచుకున్నాడు.

"కాలు పెట్టు," అన్నాడు బీరలింగప్ప, తన తొడ చూపిస్తూ.

వన్నూరప్ప పెట్టాడు. ఆ మొరటు చేయి మడమను పట్టుకుంది. రెండో చేయి చాకు తెరిచి, వాదరను బొటనవేలి గోటిమీద ఆనించి చూసింది.

"మంచి చాకు. ఎవురూ వాడినట్టు లేదే."

చాకు మొన చర్మం కిందికి పోయింది. వన్నూరప్ప కళ్ళు మూసుకున్నాడు. కెలుకుతున్న చేయి ఉన్నట్టుండి ఆగింది. మొన మాత్రం లోపలే ఉంది.

"ఆ పొద్దు కోర్టులో ఏం చెప్పినావో ఇంకొకసారి చెప్పు."

వన్నూరప్ప కళ్ళు తెరిచి బాబయ్య వైపు చూశాడు. బాబయ్య తల ఎత్తలేదు.

దూరం నుంచి చూశాను, సరిగా కనపడలేదు అనొచ్చు. చిన్నవాణ్ణి, పోలీసులు చెప్పమన్నట్టు చెప్పాను అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. బతకాలని అతనికి అంతగా ఎప్పుడూ అనిపించలేదు.

"చెప్పప్పా."

"వంక కాడ," అన్నాడు వన్నూరప్ప. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఎర్రిస్వామి చేన్లో నీ గొర్లు పడినాయి. ఆయప్ప రెండిట్ని పట్టి కట్టేసినాడు. నువ్వొచ్చి ఇప్పమంటివి. ఇప్పలే. ఆయప్ప వంకలోకి దిగి నీళ్ళు తాగతా ఉంటే నువ్వు కొడవలితో ఏసినావు."

"నా పక్కకు తిరిగుండాడా? అటు తిరిగుండాడా?"

"అటు తిరిగుండాడు. నిన్ను చూళ్ళే."

"చేతిలో కట్టె ఉన్నింది కదా."

"లేదు. చేతుల్లో నీళ్ళుండాయి."

బీరలింగప్ప మడమ మీదికి వంగాడు. చాకు మొన ఒక్కసారి పైకి లేచింది. వన్నూరప్ప కెవ్వుమన్నాడు. చీము, నెత్తురు కారాయి. బీరలింగప్ప ముల్లుముక్కను గోటిమీద పెట్టుకుని చూసి, అవతలికి విసిరేశాడు.

"నేనూ అంతే అనుకుంటా ఉంటి," అన్నాడు. "మా ఇంట్లో అందరూ ఆయప్పే ముందు కట్టె ఎత్తినాడంటారు. నా కొడుకు అదే అంటాడు, ప్లీడరూ అదే చెప్పమన్నాడు. వినీ వినీ నాకూ ఆ కట్టె కనపడబట్టె. ఆ చేతిలో కట్టె లేదని నాకు చెప్పేటోడు నువ్వొక్కడివే మిగిలినావు."

చాకును పంచెకు తుడిచి, మడిచి, నేలమీద పెట్టాడు.

"ఆయప్ప పెండ్లాం ఇంకా ఉండాదంట. ఆయమ్మ ముందర నిలబడి ఇది చెప్పల్ల. నాలుగుసార్లు ఆ ఇంటిదాకా పోయి తిరిగొచ్చినా. ఒక్కన్ని పోలేకపోతాండా. భయమైతాంది. నువ్వు పక్కనుంటే అబద్ధం చెప్పలేను. వస్తావా?"

ఈ మనిషి నోట భయమనే మాట వినాల్సి వస్తుందని వన్నూరప్ప ఎప్పుడూ ఊహించలేదు.

బీరలింగప్ప లేచి, చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాడు. బాబయ్య చేట పక్కన పెట్టి, మడమకు పసుపు అద్ది, గుడ్డ కట్టసాగాడు. వన్నూరప్ప గొంతు తగ్గించాడు.

"బాబయ్యా, ఇతను ఎందుకొచ్చినాడో మీకు ముందే తెలుసునా?"

"తెలీదు."

"చంపేదానికొచ్చుంటే?"

బాబయ్య గుడ్డ ముడి వేయబోయాడు. ముడి పడలేదు. వన్నూరప్ప చేటలోకి చూశాడు. ఇంతసేపు ఏరిన బియ్యంలో రాళ్ళన్నీ అట్లాగే ఉన్నాయి.

"నేనూ అదే అనుకుంటా కూసున్నా," అన్నాడు బాబయ్య. రెండోసారికి ముడి పడింది. "అతను అడిగింది నిన్ను. కాలు మోపి చూడు, నడవగలవేమో."

వన్నూరప్ప కాలు నేలమీద మోపాడు. నొప్పి తల దాకా ఎక్కింది. చప్పరం గుంజ పట్టుకుని లేచి నిలబడ్డాడు. తొట్టి దగ్గర బీరలింగప్ప తడి చేతులు గొంగడికి తుడుచుకుని, తిరిగి చూసే ధైర్యం లేక, అటే మొహం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

వెనక నుంచి పోతే ఉలిక్కిపడతాడని, వన్నూరప్ప కుంటుతూ చుట్టూ తిరిగి అతని ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"పోదాం పదప్పా," అన్నాడు.