మత్తు దిగినాక అడుగు

అనగా అనగా, కొండలకింకా ఎవరూ పేర్లు పెట్టని కాలం. ఒక గొల్లపల్లెలో కొమురవ్వ అనే ముసలామె ఉండేది. పొలం లేదు, పుట్ర లేదు, నా అన్నవాళ్లు లేరు. ఉన్నదల్లా ఒక తెల్లచెవుల మేక, దాని పాలుతాగే పిల్ల. ఊరి మందతో పాటు వాటినీ మేపుకుంటూ, వాటితోనే ముచ్చట్లాడుకుంటూ బతికేది.

ఆ ఏడు అమ్మవారి కొలుపు నాడు, ఎవరో బైరాగి వదిలిపోయిన పాక వెనక్కి మంద పోయింది. అక్కడ గంజాయి ఏపుగా పెరిగి ఉంది. కొమురవ్వ అదిలించేలోపే మూడు మేకలు కడుపారా మేశాయి.

ఇక చూడండి తమాషా! పొగరుబోతు పోతు కొట్లాట మరిచి, తన నీడను చూస్తూ కూలబడింది. ఆకు కదిలితే బెదిరే పిరికి మేక కనబడ్డవాళ్లనల్లా కుమ్మింది. తెల్లచెవుల మేకైతే తూలుతూ, వణుకుతూ, కన్నపిల్లనే ఎరగనట్టు తన్నేసింది.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. బలి మేక మీద నీళ్లు చల్లితే అది ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే ఒప్పుకున్నట్టు, లేదంటే వదిలేస్తారు.

పెద్దగొల్ల ఓదెలు తెల్లచెవుల మేకను చూశాడు. "అమ్మ పూనింది. ఇదే గావాలంటున్నది" అన్నాడు. నీళ్లు చల్లారు. ఒకసారి విదిలించింది. రెండోసారి విదిలించింది. మూడోసారీ విదిలించింది. డప్పులు మోగాయి.

కొమురవ్వ మేక మెడను వాటేసుకుంది. "ఓదెలు బిడ్డా, అది గంజాయి మేసింది. మత్తుల ఇచ్చిన మాట మాటేనా?"

"అమ్మకు కోపమొస్తే?"

"నా నెత్తి మీదికి రానీ. మత్తు దిగినాక అడుగుండ్రి. అప్పుడు ఊ అంటే నేనే పట్టిస్త."

కల్లు మత్తులో కోడెను ఇచ్చేస్తానని మాటిచ్చి, తెల్లారి తల పట్టుకున్నవాడు ఓదెలు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. "రేపు చూద్దాం తీ" అన్నాడు.

కొమురవ్వ మేకను నీడన పడుకోబెట్టింది, నీళ్లు తాగించింది. ఆకలికి అరిచే పిల్లను ఒళ్లో పెట్టుకుని, తానూ ముద్ద ముట్టలేదు. మర్నాడు పొద్దెక్కాక మేక లేచి, పిల్లను పిలిచి పాలిచ్చింది.

అప్పుడు నీళ్లు చల్లారు. ఒకసారి కదల్లేదు. రెండోసారి కదల్లేదు. మూడోసారీ కదల్లేదు. పిల్ల మీద పడ్డ నీళ్లు నాకుతూ నిలబడింది. ఓదెలే తాడు విప్పాడు.

కొమురవ్వ పోయి ఎన్ని తరాలైందో! ఆ పక్క ఊళ్లలో ఇప్పటికీ బలి మేకను ముందురోజే తెచ్చి నీడన కడతారు. నీళ్లు చల్లేముందు మూతి వాసన చూసి, ఆ ముసలామెను తలుచుకుని, "కొమురవ్వా, మత్తు దిగిందా?" అంటారు. మేకల సంగతే కాదు. కల్లుపాకలో ఎవరైనా పిల్లనిస్తా, పొలమిస్తా అని చేతిలో చెయ్యేస్తే, ఎదుటివాడు తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంటాడు.

"పొద్దున కొమురవ్వ అడుగుతది. అప్పుడు చెప్పు" అంటాడు.