బట్టమేక పిట్టకు నీడ

ఒక రాజుగారికి కోట వెలుపల పెద్ద గడ్డిబయలు ఉండేది. ఆ బయలులో ఒక బట్టమేక పిట్ట ఉండేది. మనిషి నడుం దాకా వచ్చే పక్షి తల్లీ అది! ఏడాదికి ఒక్కటే గుడ్డు, అదీ వట్టి నేల మీద. భగవంతుడు దానికి గూడు కట్టే విద్య ఇవ్వలేదు, నాలుగు దిక్కులూ చూసే మెడ ఇచ్చాడు. ఎవరికి ఏది చాలో ఆయనకు తెలుసు. మన రాజుగారికి ఇంకా బాగా తెలుసు.

ఆ జాతిలో ఒక్క జంటే మిగిలిందనీ, ఆడపిట్ట గుడ్డు పెట్టిందనీ విని రాజుగారు కళ్లు తుడుచుకున్నారు. "అయ్యో, ఎండలో పడి ఉందా! దాని చుట్టూ వెయ్యి చెట్లు నాటించండి."

పిట్ట తన గుడ్డును ఆ బయలులో మంద మేపే గొర్రెలకాపరికి అప్పగించి, కొలువుకు నడిచి వచ్చింది.

"ఏలినవారూ, నాకు చెట్లొద్దు. బయలుగా ఉంటే నక్క అల్లంత దూరాన ఉండగానే కనిపెడతాను. చెట్లు అడ్డొస్తే నాకేమీ కనబడదు. కొమ్మెక్కినవాడికి మాత్రం నా గుడ్డు కనబడుతుంది."

"చెట్టొద్దనే పిట్టా! రేపు చేప వచ్చి నీళ్లొద్దంటుంది," అన్నాడు మంత్రి. సభ గొల్లుమంది.

"నేలమీద కాపురమేమిటే, సిగ్గులేకుండా! కొమ్మ మీద కూర్చోవడం నేర్చుకో," అంది ఆస్థాన చిలక, పంజరంలోంచి.

"నా కాలికి వెనక వేలు లేదమ్మా. కొమ్మను పట్టుకోలేను."

రాజుగారి గుండె కరిగిపోయింది. "పాపం! దానికి కూర్చోవడం నేర్పించండి."

నవ్వకండి నాయనా, రాజాజ్ఞ.

మొక్కలు ఎదిగేదాకా ఆగే ఓపిక ఎవరికుంది? పక్క అడవిలోని మానులనే వేళ్లతో సహా పెళ్లగించి బళ్ల మీద తెచ్చారు. వాటి మీది కాకులూ వెంట వచ్చాయి.

గుడ్డు పక్కన కాపరి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. "సామీ, ఈడ గుడ్డుండాది. ఈ కాస్త చోటు ఇడిచిపెట్టండి."

"ఆ గుడ్డు కోసమే కదరా ఇదంతా!" అన్నారు భటులు. "నీ గొర్రెలు మా చెట్ల బెరడు కొరుకుతాయి, తోలుకుపో."

"గొర్రెలు గడ్డి మేస్తాంటేనే ఆయమ్మకు మిడతలు దొరికేది."

"పిట్టల సంగతి మాకు చెబుతావురా?" అంటూ భటులు కాపరినీ మందనూ గట్టు దాటించారు. గుడ్డు చుట్టూ ముచ్చటగా నాలుగు మానులు పాతారు.

పిట్ట కొలువు నుంచి పరుగున వచ్చి నడుమ నిలబడింది. మెడ సాచింది. ఎటు చూసినా మానే. వెనక ఏదో చప్పుడైతే అటు తిరిగింది. ఇటు ముందున్న కొమ్మ నుంచి ఏదో దిగింది. మళ్లీ ఇటు తిరిగేసరికి నేల మీద పెంకులే ఉన్నాయి. పిట్ట వాటిని చాలాసేపు చూసింది. తరవాత చెట్ల సందుల్లోంచి నడుచుకుంటూ ఎటో వెళ్లిపోయింది.

అంతలో మేళతాళాలతో రాజుగారు వచ్చారు. "పిట్ట ఏదీ?"

మంత్రి తల పైకెత్తి చూపించాడు. "ఒక్కటేమిటి ప్రభూ, వంద!"

కొమ్మలన్నీ నల్లగా నిండి ఉన్నాయి. అన్నిటికన్నా కింది కొమ్మ మీది కాకి ముక్కు పచ్చగా, తడిగా, ఎండలో మెరుస్తోంది.

"ఆహా, బంగారు ముక్కు! మన పుణ్యం పండింది," అంటూ రాజుగారు పాదరక్షలు విడిచి చేతులు జోడించారు.

కాకి ముక్కును కొమ్మకేసి తుడుచుకుంది.