పెదనాన్న పూడ్చిన గట్టు

సూటిగా జవాబు చెప్పడం వేదాద్రిగారి ఒంటికి పడదు. గుండెజబ్బుల వార్డులో ఆయన దగ్గర పని నేర్చుకున్న మా అందరికీ ఆ సంగతి తెలుసు. తెలిసినా అడక్క తప్పేది కాదు.

ఆ సాయంత్రం అడిగింది మాలో ఒకరైన కృపామణి. ఆమె చూస్తున్న రోగి సూరన్న ఒంట్లో ఏళ్ల తరబడి ఒక పరాన్నజీవి కాపురం ఉంది. ఇప్పుడు గుండె ఉబ్బిపోయింది, మంచం దిగితే ఆయాసం. గుండె నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే పురుగు జాడ ఎక్కడో ఒకచోట కనబడింది. కండ నిండా మాత్రం దాంతో పోరాడ్డానికి ఒళ్లు పంపిన కణాలు, వాపు, మానిన మచ్చలు.

"పురుగులు ఇంత తక్కువుంటే గుండె ఇంతలా ఎందుకు పాడైంది సార్? పురుగు చస్తే మా ఆయన మళ్లీ పొలానికి పోతాడా అని వాళ్లావిడ రోజూ అడుగుతోంది. నాకు మొహం చెల్లడం లేదు" అంది.

వేదాద్రిగారు కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు. ఆయనా అలిసిపోయే ఉన్నారు. "మా పెదనాన్నకి కాలవ పక్కన వరిచేను ఉండేది" అని మొదలుపెట్టారు.

కాలవకీ చేనుకీ నడుమ గట్టు. అందులో ఒక పందికొక్కు చేరింది. కన్నం ముందు కొత్త మట్టి కనబడగానే పెదనాన్న పార తీసుకుని తవ్వేవాడు. అది లోపల్లోపలే ఇంకోపక్కకు జారుకునేది. వదిలేస్తే గట్టంతా డొల్ల చేస్తుంది కనక ఆయన తవ్వడంలో తప్పేమీ లేదు. తవ్విన చోట మట్టి పోసి కాలితో తొక్కేవాడు. పొలం పనుల్లో దిమ్మిస తెచ్చి గట్టిపడేలా కొట్టే తీరిక ఎవరికుంటుంది? మళ్లీ ఇంకోచోట కొత్త మట్టి, మళ్లీ పార. ఏళ్లు గడిచాయి. చూడ్డానికి గట్టు గట్టులాగే ఉండేది, పాత మట్టి మాత్రం అందులో పెద్దగా మిగల్లేదు.

ఒక ఏడు వరి పొట్ట మీదుండగా కాలవ నిండుగా పారింది. గట్టు ఆగలేక తెగింది, చేను మునిగింది. నీళ్లలో నిలబడి పెదనాన్న పందికొక్కును నోటికొచ్చినట్టు తిట్టాడు. పెద్దమ్మ తెగిన చోటు చూసి, "దాని కన్నం ఇక్కడ కాదు కదయ్యా. ఇది నువ్వు తవ్వి పూడ్చిన చోటు" అంది. ఆయన పార పక్కన పడేసి అలాగే కూలబడ్డాడు.

ఇది చెబుతున్నప్పుడు వేదాద్రిగారి గొంతులో జాలి తప్ప ఇంకేమీ లేదు.

"అయితే పార లాక్కోవాలా సార్?" అంది కృపామణి.

"లాక్కుంటే పందికొక్కు ఊరుకుంటుందా?"

"మరి ఆవిడకేం చెప్పను?"

వార్డు చివర సూరన్న భార్య అతని వీపు నిమురుతోంది. వేదాద్రిగారు అటే చూస్తూ లేచారు.

"పందికొక్కుకి మందు పెడుతున్నామని నువ్వు చెప్పమ్మా. పూడ్చిన మట్టి సంగతి నేను చెబుతాను. ముందు ఈ పూటకి ఒంట్లో నీరు లాగే మందిచ్చి కాలవలో నీళ్లు తగ్గించే పని చూడు" అన్నారు.