భద్రయ్య గారి నూరు ఉద్యోగాలు

పక్క రాజ్యంలో పెళ్ళికి వెళ్ళొచ్చినప్పటి నుంచి పూసలపాడు రాజు మాచభూపతికి నిద్ర పట్టడం లేదు. అక్కడి రాజు భోజనాల దగ్గర మీసం దువ్వుకుంటూ, "మా రాజ్యంలో పని లేనివాణ్ణి ఒక్కణ్ణి చూపించండి చూద్దాం" అన్నాడట. మన రాజుగారికి పాయసం సయించలేదు. ఇల్లు చేరగానే చాటింపు వేయించారు.

"నూరు మందికి పని ఇచ్చినవాడికి పదేళ్ళపాటు పన్ను లేదు."

నెల తిరక్కుండానే షావుకారు భద్రయ్య ఊరి బయట పెద్ద పాక వేసి, మామిడాకులు కట్టి, అది నేత కార్ఖానా అన్నాడు. రాజుగారు చూడ్డానికి వెళ్తే కొత్త తలపాగాల వాళ్ళు నూరు మంది వరసగా నిలబడి దణ్ణం పెట్టారు. ముందు కొబ్బరినీళ్ళు ఇచ్చారు. తర్వాత శాలువా కప్పారు. ఈలోగా ఎండెక్కింది. లోపల మగ్గాలు ఉన్నాయో లేదో చూడకుండానే రాజుగారు పల్లకీ ఎక్కేశారు.

భద్రయ్యకి పన్ను పోయింది. ఖజానాకి చిల్లు పడింది. మంత్రిగారు తెగ ఆలోచించి, నేతపేటలో మగ్గం పన్ను రెట్టింపు చేశారు.

ఆయుధశాల చూసే పోలన్నకి ఈ సంగతి వాళ్ళక్క బాలమ్మ దగ్గర తెలిసింది. ఆమె ఆ పేట కోడలు.

"దసరా వెళ్ళాక బండి కడుతున్నాంరా" అంది బాలమ్మ, నూలు కండెలు చుట్టడం ఆపకుండానే. "పేట పేటంతా పోతున్నాం. మీ బావ ఒక మగ్గం విప్పేశాడు కూడా."

"ఆ భద్రయ్య కార్ఖానాలో పని అడగలేకపోయారా అక్కా?"

"అడిగాం. ఖాళీల్లేవన్నారు. ఖాళీల్లేవు, మగ్గం చప్పుడూ లేదు. ఏం నేస్తున్నారో ఏంటో."

పోలన్నకి అంతా అర్థమైంది. కానీ భద్రయ్య కప్పిన శాలువా రాజుగారు ఇంకా భుజం మీంచి తియ్యలేదు. అలాంటప్పుడు వెళ్ళి 'మోసం ప్రభూ' అంటే ఎవరి ఉద్యోగం పోతుందో చెప్పక్కర్లేదు. ఊళ్ళో పని లేనివాళ్ళ జాబితాలో మొదటి పేరు తనదే అవుతుంది.

మర్నాడు రాజుగారి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, మన కత్తులు యుద్ధం చూసి ఎన్నాళ్ళయిందో. ఇప్పుడు రాజ్యాన్ని నిలబెడుతున్నది భద్రయ్య గారి పనివాళ్ళే. ఈ మహర్నవమికి ఆయుధపూజ వాళ్ళ పనిముట్లకి కూడా తమ చేత్తో చేస్తే బావుంటుంది."

రాజుగారు పొంగిపోయారు. పక్క రాజ్యానికి కబురు కూడా పంపించేశారు.

భద్రయ్యకి మాత్రం ఆ రాత్రి ముద్ద దిగలేదు. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలు నూరు కావాలి. పూజ రోజు తన పనిముట్టు ఇంకోడికి ఎవడిస్తాడు? అందుకని వడ్రంగుల్ని కూర్చోబెట్టి అన్నీ కొత్తవి చేయించాడు. ఆ కార్ఖానా వల్ల ఎవరికైనా నిజంగా పని దొరికిందంటే అది ఆ నాలుగు రోజులే.

పూజ రోజున నూరు మంది కోటకి వచ్చి నూరు నాడెలు వరసగా పెట్టారు. చెక్క వాసన ఇంకా పోలేదు. రాజుగారు ఒక్కోదానికీ పసుపు రాసి బొట్టు పెడుతుంటే భద్రయ్య పోలన్న పక్కకి జరిగాడు.

"ఏం పోలన్నా, నీ తుప్పు కత్తుల పక్కన మా నాడెలు ఎలా మెరుస్తున్నాయో చూశావా?"

"మెరవకేం చేస్తాయి షావుకారు గారూ. వాటికింకా దారమే తగల్లేదు కదా."

నవ్వుతూనే అన్నాడు గానీ పోలన్న కళ్ళు పూజారి మీదే ఉన్నాయి. ఇప్పుడు తేలకపోతే ఎల్లుండి అక్కావాళ్ళ బండి కదిలిపోతుంది. పూజారి కర్పూరం వెలిగించబోతున్నాడు. పోలన్న గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క క్షణం ఆగండి పంతులు గారూ. అయ్యలారా, హారతి ఇచ్చేస్తున్నాం. ఎవరికి ఏ పనిముట్టు కూడు పెడుతుందో దాన్నే పూజలో పెట్టారు కదా? పెట్టకపోతే అది ఏడాదంతా అలిగి కూర్చుంటుందంటారు. నాకేం భయం లేదు, నా కత్తులన్నీ పెట్టేశాను."

మూడో వరసలో ఒకడు అటూ ఇటూ చూసి, నడుముకి దోపుకున్న గరిటె తీసి మెల్లిగా నాడె పక్కన పెట్టాడు.

వాణ్ణి చూసి ఇంకొకడు మంగలికత్తి పెట్టాడు. ఒకడు అంకుశం. ఒకడు సన్నాయి. ఇక వరస ఆగలేదు. వెళ్ళేటప్పుడు గుళ్ళో పూజ చేయిద్దామని సంచుల్లో తెచ్చుకున్న తాపీ, కొడవలి, చేపల వల, రజకుడి ఇస్త్రీపెట్టె వచ్చేశాయి. భద్రయ్య సొంత బావమరిది బాగా ఆలోచించి, కళ్ళు మూసుకుని, పాచికలు పెట్టాడు.

రాజుగారు వంగి గరిటె చేతిలోకి తీసుకున్నారు. కాడ మీద కోట ముద్ర ఉంది.

"ఇది మా వంటింటిది కదూ?"

"మీ వంటవాణ్ణే ప్రభూ" అన్నాడు గరిటె మనిషి. "తమరు నా వంట చూశారు గానీ మొహం ఎప్పుడూ చూళ్ళేదు. తలపాగా పెట్టుకుని నిలబడితే షావుకారు గారు పూటకి అణా ఇస్తానన్నారు."

రాజుగారు భద్రయ్య వైపు తిరిగారు. భద్రయ్య ఆకాశం వైపు తిరిగాడు.

"అయితే పోలన్నా, మా రాయితీ వల్ల ఒక్క ఉద్యోగం కూడా పుట్టలేదంటావా?"

"అయ్యో, అలా అనకండి ప్రభూ. ఒకటి పుట్టింది."

"ఎవరికి?"

"భద్రయ్య గారికే. రోజూ తమర్ని నమ్మించడం ఆయన పని. జీతం తమరే ఇస్తున్నారు."

ముందు పూజారి నవ్వాడు, తర్వాత వంటవాడు. ఆఖరికి రాజుగారే పగలబడి నవ్వి, భుజం మీది శాలువా తీసి భద్రయ్య చేతిలో పెట్టారు.

"ఆ ఉద్యోగం తీసేశాం. మాఫీ అయిన పన్నంతా రేపటికల్లా కట్టు. మంత్రీ, ఆ రెట్టింపు మగ్గం పన్ను ఇప్పుడే కొట్టెయ్."

అని తన చేతి కంకణం తీసి పోలన్న చేతికి తొడిగారు.