రేవు కాచినవాడు

హరార్ నగరంలో హిర్సీ అనే మలసాయి ఉండేవాడు. మంచి రౌతే గానీ, ఇంకొకరికి దక్కాల్సిన మెప్పు తన దగ్గరికి వస్తే కాదనలేని బలహీనత అతనికి ఉండేది.

మలసాయిలంటే ఆఫ్రికా తూర్పు కొమ్మున, అదల్ సుల్తానుల కాలంలో, ఏరి కోరి తీసుకున్న గుర్రపు సైనికులు. వాళ్ళు వీధిలోకి వస్తే జనం పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. ఆ దళంలో చోటు దొరకడం మాటలు కాదు. కమ్మరి ఇంట పుట్టినవాడికైతే ఆ ఆశే ఉండేది కాదు.

గెద్ది కమ్మరి. దళం వెంట నడుస్తూ విరిగిన ఈటెలు, వంగిన కళ్ళేలు బాగుచేసేవాడు. అతనూ హిర్సీ ఒక ఈడువాళ్ళు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే వాగులో గుర్రాలు కడిగారు, ఒకే గుర్రం మీద స్వారీ నేర్చుకున్నారు.

"ఒక్కసారి గరాద్ కళ్ళముందు ఈటె పట్టే అవకాశం వస్తే చాలు హిర్సీ! తరవాత ఏమైనా ఫరవాలేదు" అనేవాడు గెద్ది. గరాద్ అంటే వాళ్ళ దళపతి.

ఒక వానాకాలం, కొండ రాజ్యపు సైన్యం తరుముకొస్తుంటే దళం అవాష్ నది రేవుకు చేరింది. నది పొంగుతోంది. గాయపడ్డవాళ్ళను, సామాను గాడిదలను ముందు దాటించాలి. రేవుకు వచ్చే దారి రెండు బండల మధ్య ఇరుకుగా ఉంది.

"హిర్సీ, మేం దాటేవరకు ఆ ఇరుకు దారి నువ్వు కాయాలి" అన్నాడు గరాద్ సలాహ్.

హిర్సీ గుర్రం తిప్పాడు. బండ దగ్గర తడిరాతి మీద గుర్రం కాలు జారింది. హిర్సీ ఎగిరి పడ్డాడు. తల రాతికి కొట్టుకుంది. స్పృహ ఉంది కానీ లేవలేకపోయాడు. వెనకాలే నడిచి వస్తున్న గెద్ది అతన్ని బండ చాటుకు లాగాడు. హిర్సీ కప్పుకున్న తెల్లదుప్పటి తను కప్పుకున్నాడు, ఎర్రతోలు డాలు అందుకున్నాడు, గుర్రం ఎక్కాడు.

ఆ తరవాత జరిగిందంతా హిర్సీ బండ చాటునుంచి చూస్తూనే ఉన్నాడు. ఇరుకు దారిలో ముగ్గురు వచ్చారు, గెద్ది వెనక్కి తోశాడు. మళ్ళీ అయిదుగురు వచ్చారు. గెద్ది కుడి అరచేయి తెగి నెత్తురు కారుతోంది. ఎడమ చేత్తో ఈటె పట్టుకున్నాడు గానీ దారి వదల్లేదు. చివరికి వాన జోరెక్కి, శత్రువులే వెనుదిరిగారు. గెద్ది దిగివచ్చి, హిర్సీకి దుప్పటి కప్పి, డాలు చేతికిచ్చి, గుర్రం మీద కూర్చోబెట్టి, జీను పట్టుకుని ఈదుతూ అవతలి ఒడ్డుకు చేర్చాడు.

ఒడ్డున దళమంతా కేకలు వేసింది. వానలో వాళ్ళకు దూరంనుంచి కనబడింది ఎర్రడాలూ, తెల్లదుప్పటీ మాత్రమే. గరాద్ సలాహ్ పరుగున వచ్చి హిర్సీని కౌగిలించుకున్నాడు.

"ఇవాళ నూటఇరవై మంది ప్రాణాలు నిలబెట్టావురా!"

హిర్సీ నోరు తెరిచాడు. చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు. నోరు మూసుకున్నాడు.

గెద్ది నెత్తురోడుతున్న చేతిని గుడ్డలో చుట్టుకుని, హిర్సీ వంకే చూస్తూ నిలబడ్డాడు. మలసాయి మాటకు ఎదురు కమ్మరి చెబితే ఎవరు నమ్ముతారు? హిర్సీయే చెబుతాడని ఎదురుచూశాడు.

"నీ చేతికేమైందిరా? బండల్లో దాక్కోబోయి కోసుకున్నావా?" అని ఎవరో అడిగారు. అందరూ నవ్వారు. హిర్సీ తల పక్కకు తిప్పుకున్నాడు.

హరార్ చేరాక సుల్తాను హిర్సీకి వెండి కడియం తొడిగాడు, ఒక పొలం ఇచ్చాడు. మూడో రోజు గెద్ది అతని ఇంటికి వచ్చాడు. కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి.

"సుత్తి పట్టలేకపోతున్నాను హిర్సీ. దాని సంగతి సరే. మా నాన్న నాతో మాట్లాడటం లేదు. మలసాయిలు పోరాడుతుంటే నేను దాక్కున్నానని ఊరంతా చెప్పుకుంటోంది కదా. నువ్వొక్క మాట చెప్పు."

"చెబుతాను. సుల్తాను ఇప్పుడే సత్కారం చేశాడు. నాలుగు రోజులు ఆగనీ" అన్నాడు హిర్సీ.

నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి. ప్రతి శుక్రవారం నమాజు తరవాత చెప్పేద్దామనుకుని వెళ్ళేవాడు. పిల్లలు కడియం ముట్టుకుని చూస్తుంటే చెప్పలేక తిరిగి వచ్చేవాడు. గెద్ది మళ్ళీ అడగలేదు. ఒకరోజు భార్యను తీసుకుని, సముద్రం ఒడ్డున ఉన్న జైలా రేవు పట్నానికి వెళ్ళిపోయాడు. అతని తండ్రి సాగనంపడానికి గడప కూడా దాటలేదు.

ఏడేళ్ళు గడిచాయి. హిర్సీకి తిండి సహించేది కాదు. ఎవరైనా అవాష్ రేవు సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. జనం దాన్ని వినయం అనుకుని ఇంకా మెచ్చుకునేవారు. ఆ మెప్పు అతనికి పుండు మీద కారం రాసినట్టు ఉండేది. ఒక శుక్రవారం ఇక భరించలేక, నమాజు తరవాత మసీదు ముందు అందరి ఎదుటా లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పేశాడు.

గరాద్ సలాహ్ అప్పటికి ముసలివాడయ్యాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ కమ్మరిని చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను" అన్నాడు. "కడియం తీసి ఇక్కడ పెట్టు. వెళ్ళి అతన్ని తీసుకురా. మలసాయిల్లో నీ చోటు అతనిది."

హిర్సీ ఆ మాటకు సంతోషించాడు. పదిరోజుల ఎడారి దారి దాటి జైలా చేరాడు. గెద్ది ఓడల దగ్గర తోలుతిత్తులతో నీళ్ళు మోస్తున్నాడు. జుట్టు సగం నెరిసింది. హిర్సీ అతని కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"చెప్పేశాను గెద్దీ! మసీదు ముందు అందరికీ చెప్పాను. గరాద్ నిన్ను రమ్మన్నాడు. నీకు దళంలో చోటు ఇస్తారు."

గెద్ది తిత్తి కింద పెట్టాడు. అతని ముఖంలో కోపం కనబడలేదు.

"మా నాన్నకి చెప్పావా?" అని అడిగాడు.

హిర్సీ తల వంచుకున్నాడు. ముసలి కమ్మరి మూడేళ్ళ కిందటే పోయాడు.

"పోయేముందు నన్ను తలుచుకున్నాడా అని హరార్ నుంచి వచ్చిన బేహారినల్లా అడిగాను. పిరికివాడి పేరు నా ఎదుట ఎత్తొద్దన్నాడట" అన్నాడు గెద్ది. "నా భార్య కూడా పోయిన ఏడాది జ్వరంతో పోయింది. దాక్కోలేదని తనకు చెప్పాను. నమ్మినట్టే తల ఊపింది. నిజంగా నమ్మిందో లేదో నాకు తెలియదు."

"నన్ను కొట్టు. తిట్టు. ఏదో ఒకటి చెయ్యి" అంటూ హిర్సీ ఏడ్చాడు.

"దానివల్ల నాకేం వస్తుంది? ఎండలో వచ్చావు, నీళ్ళు తాగు." గెద్ది తిత్తి మూతి విప్పి అతని దోసిట్లో నీళ్ళు పోశాడు. "ఈ చేత్తో ఇక ఈటె పట్టలేను. గరాద్‌కు నా సలాం చెప్పు. ఇప్పుడు ఆ చోటు నాకు దేనికి? అది చూసి సంతోషించేవాళ్ళు ఎవరూ లేరు."

ఓడమీంచి ఎవరో పిలిచారు. గెద్ది తిత్తి భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. హిర్సీ ఒక్కడే హరార్‌కు తిరిగి వచ్చాడు. మిగిలిన జన్మంతా గెద్ది తండ్రి సమాధి దగ్గర ఊడ్చి, మట్టి సరిచేసి, రేవు కాచింది నీ కొడుకేనని ఆ మట్టికి చెబుతూ గడిపాడు.

కాబట్టి పిల్లలూ, ఇంకొకరికి దక్కాల్సిన మంచిపేరు మీ దగ్గరికి వస్తే ఆ క్షణమే వాళ్ళకు అప్పగించండి. ఆలస్యంగా చెప్పిన నిజం మన మనసు బరువు తగ్గిస్తుందేమో గానీ, నష్టపోయినవాడి బతుకును తిరిగి ఇవ్వలేదు.