దివానుగారి మేడమెట్లు

వెనకటికి మా పెద్దల ఊళ్ళో కొత్త జ్వరం వచ్చింది. గాలికి వస్తుందో, తాకితే వస్తుందో, ఆ దేవుడికే ఎరుక. సరిగ్గా అప్పుడే దివాను నందిరాజు కూతురి పెళ్ళి పెట్టుకున్నాడు. మేడమీద ముక్కుకు పట్టుకండువా చుట్టుకుని నిలబడి, "జ్వరం లేదు, గిరం లేదు! అంతా పుకారు. బాలింతలతో సహా అందరూ పెళ్ళికి రావాలి. రానివాళ్ళకు కొరడా దెబ్బలే!" అని కేకేశాడు.

పూలు కట్టే మాచమ్మ ఆ మాట వింది. ఇంట్లో కూతురు పచ్చి బాలింత. చేతులు జోడించి, "మీ మాటతో మా భయం పోయింది దొరా! అందరం పైకొచ్చి మీ పాదాలకు మొక్కుతాం" అంటూ మెట్లెక్కింది. ఊరంతా ఆమె వెనకే కదిలింది. మధ్యలో ఎవరో ఖళ్ళున దగ్గారు.

"ఆగండాగండి! దూరం, దూరం!" దివాను పిట్టగోడ దాకా వెనక్కి నడిచాడు.

"పుకారేగా దొరా! అదెంత దూరం దూకుతుందేమిటి?" మాచమ్మ మరో మెట్టెక్కింది.

"మీకు దండం పెడతాను, ఇళ్ళకు పొండి! ఎవరి అరుగుమీంచి వాళ్ళు దీవించండి!"

అలాగే దీవించారు. అరుగరుగు మీంచీ అక్షింతలు ఎగిరాయి. దంపతులకన్నా పిచ్చుకలకే ఎక్కువ అందాయట. మాచమ్మ ఇంట్లో పసికందు బతికి బట్టకట్టబట్టే, స్వామి దయవల్ల, ఈ కథ నాదాకా వచ్చింది.